నల్లరాతి ఊరు రియోం

ఫ్రాన్స్‌లోని రియోం పాత వీధుల్లోకి కొత్తగా వచ్చిన ఎవరికైనా కలిగే అనుమానాన్ని మా ఆవిడ మనసులో దాచుకోలేదు.

"ఏమండీ, ఈ ఊరు ఎప్పుడైనా తగలబడిందా? గోడలన్నీ మసి పట్టినట్టున్నాయి."

"తగలబడింది. కాకపోతే ఊరు కట్టక ముందే," అన్నాను.

ఆ నలుపు మసి కాదు, లావా. ఊరికి పడమటి వైపు కొండల్లో ఒకటి ఏనాడో పగిలి లావా కక్కింది. అది పారినంత దూరం పారి, చల్లబడి, రాయై కూర్చుంది. మనుషులు వచ్చి ఆ రాతిని కోసి, బండ్ల మీద దించుకుని ఇక్కడ ఊరు కట్టుకున్నారు. గుమ్మాలు, కిటికీ చట్రాలు, మెట్లు, వీధి కూడళ్లలోని నీటితొట్లు, చర్చి స్తంభాలు, న్యాయస్థానం, కాలిబాట అంచులు, అన్నీ ఆ రాయే. పైన కప్పులకు మాత్రం ఎర్ర పెంకు. నల్ల గోడల మీద ఆ ఎరుపు వాన వెలిశాక చూడాలి.

ఫ్రాన్స్ పటంలో నడిమధ్య నుంచి కాస్త దక్షిణానికి దిగితే ఓవెర్న్ ప్రాంతం. దాని పెద్ద నగరం క్లెర్మోన్-ఫెర్రాన్, మిషెలిన్ టైర్లు పుట్టిన ఊరు. అక్కడికి ఉత్తరాన 15 కిలోమీటర్లలో, రైల్లో పది నిమిషాల్లో రియోం వస్తుంది. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి క్లెర్మోన్ పోయే రైలు కూడా ఇక్కడ ఆగుతుంది. జనాభా ఇరవై వేల లోపు. మా అమ్మాయి ఉద్యోగం క్లెర్మోన్‌లో, కాపురం ఇక్కడ. పడమటి కిటికీ తెరిస్తే అగ్నిపర్వతాల వరస, తూర్పు కిటికీ తెరిస్తే లిమాన్ మైదానం, నల్లరేగడి, కోతలైపోయిన గోధుమ చేలు. ఎండాకాలం చివర్లో అక్కడ ఉన్నాం మేము.

నా ఉద్యోగమంతా రోడ్లు భవనాల శాఖలో గడిచింది. దృశ్యం ఎంత అందంగా ఉన్నా నా కన్ను ముందు కట్టడం మీద, అది నిలబడ్డ పునాది మీద పడుతుంది. ఇంటి తాళంచెవితో రాళ్లను కొట్టి చప్పుడు వినడం నా అలవాటు. అమ్మాయి ఆ అలవాటుకు విసుక్కుంటూనే ఉంది. "నాన్నా, నువ్వు అగ్నిపర్వతాలు చూడటానికి వచ్చావా, జనాల ఇళ్ల గోడలు తట్టడానికా?" ఈ ఊళ్లో ఆ రెండూ వేరువేరు పనులు కావని తనకు నచ్చజెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

ముందు రాయి సంగతి చెప్పనివ్వండి. దీన్ని వోల్విక్ రాయి అంటారు, తవ్వేది వోల్విక్ అనే పక్క ఊళ్లో కాబట్టి. భూగర్భ శాస్త్రజ్ఞులు ట్రాకీ ఆండిసైట్ అంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒళ్లంతా పెసరగింజంత బుడగల గుంటలు. లావా గట్టిపడుతున్నప్పుడు లోపల చిక్కుకుపోయిన వాయువుల గుర్తులవి. ఆ గుంటల వల్లే బరువు తక్కువ, మంచి ఉలికి లొంగుతుంది, మంచుకు పగలదు. ఆమ్లాలకు కూడా చలించదు. రసాయన కర్మాగారాల్లో ఆమ్లం తగిలే చోట్ల దీన్ని వాడారంటే ఆశ్చర్యం లేదు. ఒక సందులో మేస్త్రీ ఒకాయన పాత ఇంటి కిటికీ గడప మారుస్తుంటే చాలాసేపు నిలబడి చూశాను. కొత్తగా కోసిన రాయి నల్లగా లేదు, బూడిద రంగులో ఉంది, నీలం ఛాయ కూడా కాస్త కనిపించింది. గాలీ వానా తగిలి, నాచు పట్టి, ఏళ్లు గడిచాక నల్లబడుతుందట. ఆయన నా వైపు చూసి రాతి ముక్క ఒకటి చేతికి ఇచ్చాడు. ఇద్దరికీ భాష కలవకపోయినా ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూడటంలో సంభాషణ బాగానే జరిగింది.

ఊరు మొత్తాన్నీ ఈ రాతితో కట్టలేదన్నది కాస్త నిదానంగా చూస్తే తెలుస్తుంది. సాధారణ ఇళ్లలో గోడకు సున్నపు గిలాబా, లేత పసుపో మీగడ రంగో. బరువు మోసే చోట, నీరు తగిలే చోట, మూలల్లో, ద్వారబంధాల్లో మాత్రమే నల్లరాయి. ఖర్చు తెలిసిన వాడి పద్ధతి అది. డబ్బున్న వాళ్లు ముఖభాగమంతా దానితోనే కట్టించారు. రెండు పెద్ద వీధులు కలిసే కూడలిని కార్‌ఫూర్ దె తోల్ అంటారు. అక్కడ నిలబడి తల ఎత్తి చూస్తే 16వ శతాబ్దపు వ్యాపారుల, న్యాయాధికారుల దర్జా పై అంతస్తుల్లో ఇంకా కనిపిస్తుంది. ఊరి పెద్దల ఇంటి ముందు రోమన్ చక్రవర్తుల తలలు వరసగా చెక్కి ఉన్నాయి. గిమోనో అనే ఇంటి లోపలి ముంగిట్లో దేవదూత మేరీకి శుభవార్త చెప్పే ఘట్టాన్ని మెట్ల దగ్గరే శిల్పంగా నిలిపారు. గడియార స్తంభం ఎనిమిది పలకలది. పైకి ఎక్కితే ఒకవైపు ఎర్ర కప్పులు, వాటి వెనక వరసగా కొండలు.

నల్లరాయి ఎప్పటి నుంచీ ఉన్నదే కదా, మరి ఈ ఇళ్లకు ముందు కాలం వాళ్లు కూడా దానితోనే కట్టారా? ఈ ప్రశ్నకు జవాబు ఊరి పక్కనే మోజాక్‌లో దొరికింది. నడిచి వెళ్లేంత దగ్గర. అక్కడి మఠం చర్చిలో 12వ శతాబ్దపు స్తంభ శీర్షాలు ఉన్నాయి. క్రీస్తు సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలు, నిద్రపోతున్న కాపలా సైనికులు, వాళ్ల గొలుసు కవచాల్లో ఒక్కొక్క కడియం సహా చెక్కారు. ఆ రాయి నలుపు కాదు, తేనె రంగు. ఆర్కోజ్ అనే ఇసుకరాయి. ఓవెర్న్‌లో పాత చర్చిలు ఎక్కువగా దానితో కట్టినవే. లావా గట్టి రాయి, దాన్ని పెద్ద ఎత్తున కోయడానికి మంచి ఇనుప పనిముట్లు కావాలి. 13వ శతాబ్దం వచ్చేసరికి కమ్మరి పని మెరుగుపడి ఆ పనిముట్లు వచ్చాయి, రాతి రంగు మారింది. క్లెర్మోన్‌లో 1248లో మొదలుపెట్టిన పెద్ద చర్చి మొత్తం నల్లనే. రాయి బలమైనది కాబట్టి స్తంభాలను సన్నగా లేపగలిగారు. కట్టడం మొదలైన ఆరున్నర శతాబ్దాలకు 1902లో పని పూర్తయింది. దాని జంట శిఖరాలు 96 మీటర్లు. కాంట్రాక్టర్లు ఆలస్యం చేస్తున్నారని సంతకాలు ఆపి కూర్చున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

చర్చిల్లో మా ఆవిడకు నచ్చింది వేరు. మార్త్యురే మాత చర్చిలో మేరీ విగ్రహం ఉంది, 14వ శతాబ్దం చివరిది. చంకలోని బిడ్డ చేతిలో ఒక పిట్ట. తల్లి ముఖంలో భక్తి కంటే, పిల్లవాడు ఏం చేస్తాడోనన్న జాగ్రత్తే ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి మా ఆవిడ "పిట్ట పొడుస్తుందేమోనని చూస్తోంది" అంది. ఆ విగ్రహం గురించి పుస్తకాల్లో రాసిన మాటలన్నీ తర్వాత చదివాను. ఇంతకన్నా మంచి మాట కనిపించలేదు. వీధి గుమ్మం దగ్గర ఉన్నది నకలు, అసలు విగ్రహం లోపల ఉంది. బయటిది చూసి వెళ్లిపోకండి.

ఊరిని కాచే సాధువు పేరు సాన్ అమాబ్ల్, 5వ శతాబ్దపు పూజారి. పాముల నుంచి, నిప్పు నుంచి కాపాడతాడని నమ్మకం. నిప్పులోంచి పుట్టిన రాతితో కట్టుకున్న ఊరికి నిప్పును ఆపే సాధువే కావాల్సి వచ్చాడు. జూన్‌లో ఆయన అవశేషాల పెట్టెను భుజాన మోస్తూ ఊరేగిస్తారు. మేము వెళ్లిన కాలానికి అది అయిపోయింది.

రియోం నిశ్శబ్దానికి అసలు కారణం న్యాయస్థానం అనిపించింది నాకు. వ్యాపారం, కర్మాగారాలు క్లెర్మోన్ తీసుకుంటే, అప్పీలు కోర్టు రియోంకు మిగిలింది. ఈ రోజుకూ ఆ ప్రాంతపు అప్పీళ్లు ఇక్కడికే వస్తాయి. మధ్యాహ్నం వీధుల్లో కనిపించేది కాగితాల కట్టలు పట్టుకున్న లాయర్లు, కుక్కల్ని నడిపించే ముసలివాళ్లు. కోర్టు ఉన్న చోట ఒకప్పుడు జాన్ ద బెర్రీ అనే ప్రభువు రాజభవనం ఉండేది. అందులో మిగిలింది ఒక్క ప్రార్థనాలయం, దాని 15వ శతాబ్దపు రంగు అద్దాలు. న్యాయస్థానం ఆవరణలో, ఆ కాలానికి నేరుగా సంబంధం లేని మనుషుల మధ్య నిలబడి ఉంది అది.

ఆ కోర్టులోనే 1942లో ఒక విచిత్రమైన విచారణ జరిగింది. 1940లో జర్మనీ చేతిలో ఫ్రాన్స్ ఓడిపోయాక మార్షల్ పెతేన్ ప్రభుత్వం విషీలో కొలువు తీరింది. రియోం నుంచి విషీకి రైల్లో అరగంట. ఓటమికి కారణం మీరేనంటూ మాజీ ప్రధానులు లియోన్ బ్లూమ్, ఎదువార్ దలాదియేలను, సేనాధిపతి గామ్లాన్‌ను, మరికొందరిని ఆ ప్రభుత్వం ఫిబ్రవరి 19న బోనెక్కించింది. శిక్ష ముందే పెతేన్ ప్రకటించేశాడు, విచారణ తర్వాత. గామ్లాన్ నోరు విప్పనన్నాడు. మిగతా ఇద్దరూ మాత్రం విప్పారు, ఎంతగా అంటే నేరం మోపినవాళ్లే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. యుద్ధానికి ముందు సైన్యం ఖర్చులు తగ్గించిన వాళ్లెవరు, మంత్రి పదవిలో పెతేన్ చేసిందేమిటి అన్న ప్రశ్నలు లేచాయి. విదేశీ విలేకరులు రాస్తూనే ఉన్నారు. హిట్లర్ మండిపడ్డాడు. ఏప్రిల్‌లో విచారణ ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టలేదు. తీర్పు రానే లేదు. మరుసటి ఏడాది బ్లూమ్‌ను, దలాదియేను జర్మనీకి తరలించారు. ఆ మెట్ల మీద కూర్చుని అమ్మాయికి ఈ కథ చెబుతుంటే, రోజూ ఆ వీధిలోనే స్టేషనుకు నడిచే పిల్ల "నాకు తెలియదు నాన్నా" అంది. అక్కడ పుట్టి పెరిగిన ఆమె స్నేహితురాలికీ పూర్తిగా తెలియదట.

ఇంతకీ ఈ కొండలు అగ్నిపర్వతాలని మనుషులకు ఎలా తెలిసింది? నన్ను ఆ కొండల దాకా లాక్కెళ్లింది ఈ కథే. 1751 వరకు ఫ్రాన్స్‌లో ఒకప్పుడు అగ్నిపర్వతాలు మండాయని పండితులెవరూ అనుకోలేదు. ఆ ఏడాది జాన్ ఎతియెన్ గెటార్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తన మిత్రుడు మాల్జెర్బ్‌తో కలిసి ఇటు ప్రయాణం చేశాడు. దారిలో మూలాన్ పట్టణంలో మైలురాళ్ల నలుపు చూసి ఆగాడు. ఇదెక్కడి రాయి అని అడిగితే వోల్విక్ అన్నారు. అక్కడికి బయల్దేరాడు. రియోం చేరేసరికి ఊరు ఊరంతా అదే రాతితో కట్టి ఉండటం చూశాడు. వోల్విక్ వెళ్లి గనులు చూశాడు, కొండ ఎక్కాడు, పైన నోరు తెరిచిన గుంట చూశాడు. మండుతున్న అగ్నిపర్వతాన్ని తన కళ్లతో ఎప్పుడూ చూసినవాడు కాదు. వెసూవియస్ నుంచి వచ్చి సేకరణల్లో ఉన్న రాళ్లను చూసి ఉన్నాడు, అంతే. ఆ పోలికతోనే ఇవి చల్లారిన అగ్నిపర్వతాలని తేల్చాడు. 1752లో పారిస్ సైన్సు అకాడమీలో ఆ విషయం చదివాడు.

కొండలు ఎదురుగానే ఉన్నాయి, వందల ఏళ్లుగా. కనిపెట్టడం మాత్రం కొండతో కాదు, రోడ్డు పక్క రాతితో మొదలైంది. రోడ్ల శాఖలో పనిచేసిన వాడికి ఇంతకన్నా తీయని కథ ఉండదు. అదే గెటార్ తర్వాత ఆరు పలకల బసాల్టు స్తంభాలు మాత్రం నీటిలో పుట్టాయని వాదించాడు. అవీ లావాయేనని ఈ ఓవెర్న్‌లోనే తేల్చినవాడు నికోలా దెమారె. మొదటి మనిషికి రెండో జవాబు కూడా దొరకాలని లేదు కదా.

అందుకని మేము కూడా గెటార్ వరసలోనే వెళ్లాం. రియోం నుంచి వోల్విక్, వోల్విక్ నుంచి న్యూజేర్ కొండ. చాలామంది పర్యాటకులు నేరుగా పుయ్ ద డోమ్ రైలెక్కుతారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వోల్విక్ అంటే లోకానికి ఆ పేరుతో అమ్మే నీళ్ల సీసా. ఊరు చూస్తే రాళ్ల ఊరు. ఇరుకు వీధులు, నల్ల చర్చి, రాయి కోసే పనివాళ్లు. పైన కొండ అంచున తుర్నోయెల్ కోట, దాని గుండ్రని బురుజు రియోం దారిలోనే కనిపిస్తుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడ రాతి చెక్కడం నేర్పే బడి పెట్టించింది షాబ్రోల్ ద వోల్విక్. ఆయన పుట్టింది రియోంలో. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లిన ఇంజనీరు, తర్వాత 1812 నుంచి 1830 దాకా పారిస్ పాలనాధికారి. తన ఊరి రాయిని పారిస్ కాలిబాటలకు ఎక్కించాడు. పదవిలో ఉన్నవాడు సొంత ఊరికి పని చేసిపెట్టడం అన్ని కాలాల్లోనూ ఉన్నదే, ఈయన విషయంలో రాయి నిజంగా మంచిది కావడం అదృష్టం.

ఇదే రాతిని పలకలుగా కోసి, మీద గాజు పూత పూసి, దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర కాలుస్తారు. మామూలు రాయైతే ఆ వేడికి పగులుతుంది. ఇది పుట్టిందే అంతకన్నా ఎక్కువ వేడిలో కాబట్టి దీనికి లెక్క లేదు. రంగు వెలియదు, మంచుకు పెచ్చులూడదు. పారిస్ వీధుల పేర్లు తెల్ల అక్షరాలతో నీలి పలకల మీద ఉంటాయి కదా, 1844లో రాంబ్యుతో అనే పాలనాధికారి ఆ పద్ధతి పెట్టినప్పుడు పలకలు వోల్విక్ లావావే. కొండ శిఖరాల మీద ఎదురుగా కనిపించే ఊళ్లూ శిఖరాలూ ఏవేవో చూపించే గుండ్రటి బల్లలు కూడా ఈ లావాతో చేసినవి చాలా ఉన్నాయి. ఒక పనిశాలలో ఇంటి నంబరు పలకలు అమ్మకానికి పెట్టారు. మా ఆవిడ ధర చూసి మర్యాదగా వెనక్కి పెట్టేసింది.

నీళ్ల కథ కూడా రాతి కథే. ఈ కొండల మీద ఎంత నడిచినా ఒక్క వాగు కనిపించదు. వాన బాగానే కురుస్తుంది, కురిసింది కురిసినట్టే లావా పగుళ్లలోకి, గుల్ల రాళ్లలోకి ఇంకిపోతుంది. అడుగున పాత గ్రానైటు లోయలు ఉన్నాయి. లావా వాటిని నింపేసి పైకి కనబడకుండా చేసింది. నీరు ఆ దాచిన లోయల వెంటే నెమ్మదిగా దిగి, వోల్విక్ దగ్గర లావా చివర్లో బయటపడుతుంది. ఆ నీటిని ఇచ్చే వానపరీవాహకం 38 చదరపు కిలోమీటర్లు. సీసా మీది పట్టికలో సిలికా లీటరుకు ముప్పై మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, రాతిలోంచి తెచ్చుకున్నదది. ఎంత తోడవచ్చు, ఎండాకాలంలో ఊరి వాగులకు ఎంత వదలాలి అన్నది అక్కడి జనంలో వాదాలు రేపుతున్న విషయం. నీటి పద్దు ఎక్కడైనా అంతే.

న్యూజేర్ కొండ వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ. వోల్విక్ రాయి పుట్టిన కొండ ఇదే. దారి మొదట్లో మెత్తటి అడవి నేల, బీచ్ చెట్లు, హేజెల్ పొదలు. కాసేపటికి కాళ్ల కింద కరకరమనే ఎర్రటి, నల్లటి గుల్ల రాళ్లు మొదలయ్యాయి. లావా గాలిలోకి చిమ్మి, చుక్కలు చుక్కలుగా గట్టిపడి రాలిన రాళ్లు. ఇక్కడివాళ్లు వాటిని పూజొలాన్ అంటారు. నాకు గుండె ఆగినంత పనైంది. జీవితమంతా సిమెంటు బస్తాల మీద, టెండరు కాగితాల మీద, సిమెంటులో కలిపే ఈ సరుకు పేరు పోజొలానా అని చదివి, సంతకాలు పెట్టి, కర్మాగారపు బూడిదనే దాని ప్రత్యామ్నాయంగా చూసినవాణ్ణి. అసలు సరుకు గుప్పెడు చేతిలో పట్టుకోవడం అప్పుడే. చలికాలంలో ఈ జిల్లా రోడ్ల మీద మంచు పడితే జారకుండా దీన్నే చల్లుతారని అమ్మాయి చెప్పింది. మంచు కరిగాక రోడ్ల అంచుల్లో ఎర్రటి నలుసులు మిగులుతాయట. నేను ఆ విషయం మీద చాలా ప్రశ్నలు అడిగాను, ఆమెకు జవాబులు తెలియలేదు.

పైకి చేరాక మా ఆవిడ చుట్టూ చూసి "అగ్నిపర్వతం ఇంకెంత దూరం?" అంది. మేము దాని నోటి అంచు మీద నిలబడి ఉన్నాం. నోరంతా చెట్లు. గుంట లోతు ఆకుల సందుల్లోంచి అంచనా వేసుకోవలసిందే. ఇది ఇక్కడ అందరినీ బాధించే విషయం. పూర్వం ఈ కొండల మీద గొర్రెల మందలు తిరిగేవి, గడ్డి తప్ప చెట్టు ఎదిగేది కాదు, గుంటల ఆకారం స్పష్టంగా కనిపించేది. మేత తగ్గింది, అడవి పెరిగింది. ఇప్పుడు కొన్ని కొండల మీద ఆకారాలు మరుగున పడకుండా మళ్లీ గొర్రెలను మేపిస్తున్నారు. అడవి పెరగడం చెడ్డదని చెప్పే చోటు నాకు ఇదివరకు తారసపడలేదు.

ఇలాంటివి ఉత్తర దక్షిణాలుగా ముప్పై కిలోమీటర్లకు పైగా దాదాపు ఎనభై ఉన్నాయి. చివరివి చల్లారి ఎనిమిది వేల ఏళ్లు దాటింది. భూమి కాలంలో అది నిన్నటి మాట. 2018లో యునెస్కో ఈ వరసను, పక్కనే కుంగిన లిమాన్ మైదానపు అంచుతో కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆల్ప్స్ పర్వతాలు లేస్తున్నప్పుడు ఈ పక్క భూమి సాగి, పలచబడి, పగిలింది. మైదానం కుంగింది. చాలా తర్వాత శిలాద్రవం పైకి వచ్చింది. రియోం ఆ కుంగిన అంచు కిందే ఉంది. అంటే ఊరు పల్లంలో, రాయి మెరకలో. బండ్లకు ఎద్దులు ఎక్కువ కష్టపడక్కర్లేదు, నిండు బండి ఎప్పుడూ దిగుడే.

పుయ్ ద డోమ్ గురించి రెండు మాటలు. 1,465 మీటర్లు, వరసలో అన్నిటికన్నా ఎత్తు. 2012 నుంచి పళ్ల పట్టాల రైలు పావుగంటలో పైకి చేరుస్తోంది. పైన రోమన్ల కాలపు మెర్క్యురీ గుడి పునాదులు. 1648 సెప్టెంబర్ 19న శాస్త్రజ్ఞుడు పాస్కల్ బావగారు ఫ్లోరాన్ పెరియే పాదరసం గొట్టం పట్టుకుని ఈ కొండెక్కి, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పాదరసం దిగుతుందని కొలిచి చూపించాడు. క్లెర్మోన్‌లో పుట్టిన పాస్కల్ ఆ ప్రయోగం రాసి పంపాడే తప్ప తాను ఎక్కలేదు. బావమరిది మాట మీద కొండెక్కిన బావలకు చరిత్రలో ఇంకాస్త పేరు రావాలి. పై నుంచి చూస్తే కొండల వరస బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది, మబ్బు లేకపోతే. జనం మాత్రం బాగా ఉంటారు. దీనికి గుంట లేదు, చిక్కటి లావా పొంగి ముద్దగా నిలిచిపోయిన కొండ ఇది. కనుక నోరున్న కొండ చూడాలంటే మరొకటి ఎక్కాలి.

తిండి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. శనివారం ఉదయం సంతకు వెళ్లండి. సాన్ నెక్తేర్, కాంతాల్, ఫూర్మ్ దాంబేర్, నీలి గీతల ఓవెర్న్ చీజ్, ఒక్కొక్కటీ ముక్క రుచి చూపిస్తారు. సాన్ నెక్తేర్‌ను గడ్డి మీద పెట్టి మాగబెడతారు, ఆ వాసన పైతొక్కకు అంటుకుని ఉంటుంది. మా ఆవిడ మొదట ముక్కు మూసుకుంది, తర్వాత అదే కొనమంది. త్రుఫాద్ అని బంగాళాదుంపలు, తాజా చీజ్ కలిపి వేయించే వంటకం ఒకటి ఉంది. శాకాహారులు అడగకుండా తినకండి, పంది కొవ్వుతో చేయడమే అక్కడి పద్ధతి, పైన మాంసం తునకలు కూడా వేస్తారు. ఇంకాస్త దక్షిణాన ప్యూయి ఆన్ వెలే చుట్టుపక్కల అగ్నిపర్వతపు మట్టిలో పండే ఆకుపచ్చ కాయధాన్యం ఉంది. చిన్న గింజ, ఎంత ఉడికించినా ముద్దవదు. 1996లోనే దానికి ప్రాంతపు పేరు హక్కు వచ్చింది. అమ్మాయి వంటింట్లో అది రోజూ కూరే అయింది.

వెళ్లదలచిన వాళ్లకు: రెండు పూటలు రియోంకు, ఒక రోజు వోల్విక్‌కు, కొండలకు ఉంచుకోండి. కాలిబాటలు ఉన్నాయి, కానీ గుల్ల రాళ్ల మీద దిగేటప్పుడు పాత చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. పుయ్ ద డోమ్ రైలుకు ముందు రోజు వాతావరణం చూసుకోండి. చర్చిలు మధ్యాహ్నం మూసే చోట్లు ఉన్నాయి. పన్నెండున్నర నుంచి రెండు దాకా దుకాణాలు కూడా భోజనానికి మూస్తారు, ఆ వేళలో గోడలు చూసుకోండి, ఎవరూ అడ్డు రారు. సోమవారం మాత్రం వద్దు. ఆ రోజు సగం ఊరు తలుపులు తెరవదు, రొట్టె కోసం కూడా నాలుగు వీధులు తిరగాలి.